ఇన్నాళ్లకి మా వదినకు నిద్రపట్టింది

పెళ్లివారి విడిది ఎలా ఉంటుందో మీకు తెలిసిందేగా! రాత్రి పదకొండయ్యేసరికి హాల్లో కుర్చీలన్నీ ఓ మూలకి జరిపేసి, జంపఖానాలు పరిచేసి, ఆడవాళ్లమంతా వరసగా నడుం వాల్చేస్తాం. ఎవరి తలగడ ఎవరికిందో, ఎవరి దుప్పటి ఎవరిమీదో. లైట్లార్పేశాక మొదలయ్యే ఆ కబుర్లూ, ఆ నవ్వులూ... నన్నడిగితే అసలు పెళ్లికంటే ఆ రాత్రే బాగుంటుంది.

రెండేళ్ల కిందట మా బాబాయి కూతురి పెళ్లికి తెనాలి వెళ్లినప్పుడూ అలాగే పడుకున్నాం. రాత్రి రెండింటప్పుడు మంచినీళ్ల కోసం లేచాను. అంతా నిద్రలో ఉన్నారు. గోడకి జారగిలబడి ఒక్కర్తే కూర్చుని ఉంది మా వదిన. మా పెద్దన్నయ్య భార్య.

"ఏం వదినా, పడుకోలేదా?" అన్నాను గుసగుసగా.

"నిద్ర పట్టట్లేదమ్మా. కొత్త చోటు కదా" అంది.

కానీ ఆవిడ కళ్లు మూతలు పడిపోతున్నాయి. తల ముందుకి తూలుతోంది, ఉలిక్కిపడి లేస్తోంది. నిద్ర పట్టక కూర్చున్న మనిషిలా లేదు, నిద్రని ఆపుకుంటూ కూర్చున్న మనిషిలా ఉంది.

తిరుగు ప్రయాణంలో రైల్లో గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. "నేను గురక పెడతానమ్మా. మూడేళ్లయింది. మా చెల్లెలి కూతురి పెళ్లిలో పిల్లలు నా గురకని సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి పొద్దున టిఫిన్ల దగ్గర అందరికీ వినిపించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా నేను పడుకోను."

మూడేళ్లుగా ఆవిడ ఏ పెళ్లిలోనూ నిద్రపోలేదు! ఏ చుట్టాలింటికెళ్లినా సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేస్తుంటే "వదినకి మనుషులంటే పడదు" అనుకున్నాం మేం. నేను కూడా అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మగవాళ్ల గురక నవ్వులాట... మన గురక?

మా ఇంట్లో మావారూ గురక పెడతారు. మా మామగారైతే మరీనూ. "ఆయన గురక వింటే వీధిలో దొంగలు కూడా అడుగుపెట్టరు" అని మా అత్తయ్య మురిపెంగానే చెబుతారు. మగవాడి గురక ఇంటిల్లిపాదికీ ఓ హాస్యం. మహా అయితే "కుంభకర్ణుడు" అని ఓ బిరుదు. అదే ఆడమనిషైతే? "ఛ, ఆడదై ఉండి అదేం గురకమ్మా!" అనేస్తారు. అందుకే మనలో చాలామంది దాన్ని దాచేస్తారు. డాక్టరు దగ్గర కూడా. తలనొప్పి చెబుతారు, నీరసం చెబుతారు, బీపీ చెబుతారు. గురక మాత్రం చెప్పరు. అడిగేవాళ్లూ తక్కువే.

గురకంటే ఒట్టి చప్పుడే అయితే ఈ దాపరికం వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. కానీ ఒక్కోసారి అది చప్పుడుతో ఆగదు.

నేను లెక్కపెట్టిన రాత్రి

తెనాలి పెళ్లయిన నెలకి వదిన గుంటూరులో మా ఇంటికి నాలుగు రోజులుండేలా వచ్చింది. "మన ఇద్దరమే ఒక గదిలో పడుకుందాం, నీ గురకకి నేను జడిసేదాన్ని కాదులే" అని బలవంతాన ఒప్పించాను. పడుకున్న పది నిమిషాలకే గురక మొదలైంది. నిజమే, పెద్దగానే ఉంది. కానీ నాకు భయమేసింది గురక వినిపించినప్పుడు కాదు, ఆగిపోయినప్పుడు.

హఠాత్తుగా నిశ్శబ్దం. పొట్ట, ఛాతీ కదులుతూనే ఉన్నాయి, ఊపిరి చప్పుడు మాత్రం లేదు. అప్రయత్నంగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఇరవై రెండు దాకా వచ్చాను. లేపుదామని చెయ్యి చాచేలోపు ఒక్కసారిగా నీళ్లల్లోంచి పైకి తేలినట్టు గుటుక్కుమని ఊపిరి పీల్చి, పక్కకి ఒత్తిగిల్లి, మళ్లీ గురక. కాసేపటికి మళ్లీ నిశ్శబ్దం. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పొద్దున్నే అడిగితే ఆవిడకి ఒక్కటీ గుర్తులేదు. "రాత్రంతా పడుకున్నా, కానీ తల దిమ్ముగా ఉంది" అందంతే.

అసలేం జరుగుతుంది?

నిద్రపోయేటప్పుడు మన ఒంట్లో కండరాలన్నీ వదులవుతాయి. గొంతు చుట్టూ ఉన్నవి కూడా. నాలుక, కొండనాలుక, మెత్తటి అంగిలి వెనక్కి జారితే ఊపిరి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూరేటప్పుడు మెత్తటి భాగాలు అదిరి వచ్చే శబ్దమే గురక. ఇరుకు కాస్తా పూర్తిగా మూసుకుపోతే? తడిసిన కాగితం గొట్టంతో కూల్‌డ్రింక్ పీల్చి చూడండి. గట్టిగా పీల్చేకొద్దీ గోడలు రెండూ అతుక్కుపోతాయి. గొంతులోనూ అంతే. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే డాక్టర్లు దాన్ని ఒకటిగా లెక్కేస్తారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ప్రమాద ఘంటిక కొట్టి మనిషిని క్షణకాలం మేలుకొల్పుతుంది. ఆ మెలకువ మనకి గుర్తుండదు. కానీ రాత్రంతా ఎవరో పదే పదే తట్టి లేపినట్టే లెక్క. ప్రతిసారీ రక్తపోటు ఎగుస్తుంది, గుండె ఉరుకుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే అధిక రక్తపోటు, గుండెజబ్బులు, పక్షవాతం, మధుమేహం ముప్పు పెరుగుతుంది. పగటిపూట మగత వల్ల బండి నడిపేవాళ్లకి ప్రమాదాలు సరేసరి.

ఇదేదో అరుదైన జబ్బు అనుకునేరు. ప్రపంచం మొత్తమ్మీద 30 నుంచి 69 ఏళ్ల వాళ్లలో 90 కోట్లమందికి పైగా ఇది ఉండొచ్చని 2019లో పరిశోధకులు అంచనా వేశారు. 'గ్యాంగ్ లీడర్' పాటలకి చిందులేయని వాళ్లుండరు కదా. ఆ సినిమాకి సంగీతమిచ్చిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణం కూడా ఈ స్లీప్ ఆప్నియానే.

"ఈ వయసులో మామూలే"

మా వదినకి 51 ఏళ్లు. నెలసరి ఆగి రెండేళ్లయింది. పొద్దున్నే తలనొప్పి. రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేవడం. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుంటే కునుకు. స్టౌ మీద పాలు పెట్టి పక్కనే నిలబడి కూడా పొంగబెట్టేయడం. బీపీ మాత్ర మోతాదు ఏడాదిలో రెండుసార్లు పెంచారు. ఎవరికి చెప్పినా ఒకటే మాట: "ఈ వయసులో మామూలేనమ్మా." ఒక డాక్టరైతే సరిగా నిద్రపట్టట్లేదన్న మాట విని నిద్రమాత్రలు రాసిచ్చారు. కొన్నిరకాల నిద్రమాత్రలు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి. ఉన్న ఇబ్బంది ఎక్కువవుతుందని మాకప్పుడు తెలీదు.

నెలసరి ఆగాక ఆడవాళ్లలో ఈ జబ్బు ముప్పు బాగా పెరుగుతుంది. అప్పటిదాకా కాపాడుతూ వచ్చిన హార్మోన్లు తగ్గిపోవడం ఒక కారణం. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, పీసీఓఎస్ ఉన్నా, ఒళ్లు చేసినా ముప్పే. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా గురక మొదలైతే, అందులోనూ బీపీ పెరుగుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. పైగా ఆడవాళ్లలో ఇది ఎప్పుడూ పెద్ద గురకగానే బయటపడదు. నిద్రలేమి, నీరసం, దిగులు, విసుగు... ఇలా వేషం మార్చుకుని వస్తుంది. మనం దిగులుకి మందు వాడుతుంటాం, అసలు దొంగ గొంతులో ఉంటాడు.

"నేనేమంత లావుగా లేనుగా?" అంది వదిన. నిజమే, సన్నగానే ఉంటుంది. కానీ ఆవిడ గడ్డం చిన్నది, కాస్త లోపలికి ఉంటుంది. దవడ చిన్నదైతే నాలుకకి చోటు చాలదు, వెనక్కే జారుతుంది. లావుగా ఉన్నవాళ్లకే గురకజబ్బు అన్న మాట మనం పూర్తిగా నమ్మకూడదన్నమాట.

తీగల మధ్య ఓ రాత్రి

విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నోరు తెరిపించి, నాలుక బయటపెట్టమని, గొంతులోకి టార్చి వేసి చూశారు. కొండనాలుక మొత్తం కనిపిస్తుందా, సగమే కనిపిస్తుందా, అసలు కనిపించదా అన్నదాన్ని బట్టి నాలుగు తరగతులట. ఆ పద్ధతి పేరు విని ఆశ్చర్యపోయాను. 'మల్లంపాటి స్కోరు'! బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన మన తెలుగువాడు శేషగిరిరావు మల్లంపాటి 1985లో ప్రచురించిన పరిశీలన అది. ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుందో లేదో కనిపెట్టడానికి మొదలైన ఈ చిన్న పరీక్షని ఇప్పుడు గురక రోగుల గొంతు చూడటానికీ వాడుతున్నారు.

ఆ తర్వాత నిద్రపరీక్ష. తలకీ, కళ్ల పక్కనా, గడ్డానికీ, కాళ్లకీ తీగలు అంటించారు. ఛాతీకీ పొట్టకీ పట్టీలు, ముక్కు దగ్గర గొట్టం, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు. "ఇన్ని తగిలించి నిద్రపొమ్మంటే ఎలాగయ్యా!" అని విసుక్కుంది కానీ పావుగంటలో గురక మొదలైందట. కొందరికి ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్ష కూడా సరిపోతుంది. ఏది కావాలో డాక్టరే చెబుతారు.

ఫలితం: గంటకి 19. అంటే నిద్రలో ప్రతి గంటకీ సగటున 19 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని. అయిదు నుంచి 15 లోపు అయితే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యరకం, 30 దాటితే తీవ్రం. కాగితం చూసి అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. పాతికేళ్లు పక్కనే పడుకున్న మనిషి మరి! "నేను చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నానే గానీ..." అని ఆగిపోయాడు.

మాస్కుతో తంటాలు

ఈ జబ్బుకి మొదటి మందు సీపాప్ మిషన్. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో లోకానికి చూపించాడు. ముక్కుకి మాస్కు పెట్టి, సన్నటి గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి ఇప్పటికీ అదే ముందు. వాడగలిగినవాళ్లకి అదొక వరం.

మా వదిన వాడలేకపోయింది. రెండు నెలలు ప్రయత్నించింది పాపం. మాస్కు మార్చారు, గాలి ఒత్తిడి మార్చారు, తేమ వచ్చే అమరిక పెట్టారు. అర్ధరాత్రి తనకి తెలియకుండానే లాగి పారేసేది. "ముక్కు మూసినట్టుంటోందమ్మా, ప్రాణం పోతున్నట్టుంది" అనేది. చివరికి మిషన్ మంచం కిందకి చేరింది. ఇలా మానేసేవాళ్లు చాలామందే ఉంటారట. మానేసి ఊరుకోవడమే తప్పు అన్నారు డాక్టరు. "వేరే దారి ఉంది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని చీటీ రాసిచ్చారు.

గురకకి పళ్ల డాక్టరా?

అన్నయ్య నవ్వేశాడు. "మోకాళ్ల నొప్పికి చెప్పులకొట్టుకి వెళ్లమన్నట్టుంది!" అని. నాకూ వింతగానే అనిపించింది. కానీ విన్నాక చాలా సులువైన సంగతి.

మన నాలుక కింది దవడ ఎముకకి లోపలివైపు, ముందుభాగాన అతుక్కుని ఉంటుంది. బల్లసొరుగు లాగితే అందులో సామాను కూడా ముందుకొచ్చినట్టు, కింది దవడని నాలుగు మిల్లీమీటర్లు ముందుకి తెస్తే నాలుకా ముందుకొస్తుంది. గొంతు వెనకాల దారి తెరుచుకుంటుంది. స్పృహ తప్పినవాళ్లకి ఊపిరాడటం కోసం దవడ ముందుకెత్తి పట్టుకోమంటారే, అదే సూత్రం. పళ్ల డాక్టరు చేసేది ఏమిటంటే, పై పళ్లకొకటి, కింది పళ్లకొకటి తొడుగులు చేసి, రెండింటినీ కలిపి రాత్రంతా కింది దవడ ముందుకే ఉండేలా అమర్చడం.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే పియర్ రోబిన్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు, పుట్టుకతోనే దవడ మరీ చిన్నదై నాలుక వెనక్కి పడి ఊపిరాడని పసిపిల్లల గురించి రాశాడు, దవడ ముందుకి తెచ్చే సాధనం వాడాడు. 1982లో అమెరికాలో నాలుకని ముందుకి పట్టి ఉంచే సాధనంతో స్లీప్ ఆప్నియా తగ్గుతుందని రోసలిండ్ కార్ట్‌రైట్, చార్లెస్ శామెల్సన్ చూపించారు. 2015లో అమెరికాలోని నిద్రవైద్యుల సంఘం, నిద్రకి సంబంధించిన దంతవైద్యుల సంఘం కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. జబ్బులేని ఒట్టి గురకకీ, సీపాప్ పడనివాళ్లకీ, అది వద్దనుకున్నవాళ్లకీ ఈ తొడుగులు ఇవ్వొచ్చన్నాయి. అయితే అవి ఎవరి నోటికి వాళ్లకి కొలిచి చేసినవై ఉండాలి, దవడని కొంచెం కొంచెంగా జరుపుకునే వీలుండాలి, తర్వాత మళ్లీ నిద్రపరీక్ష చేసి చూడాలి.

అన్నీ విన్నాక వదిన అడిగిన మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అని. చెప్పారు. తక్కువేం కాదు. "వద్దులే. నా ఒక్కదాని గురక కోసం అంత డబ్బెందుకు" అని లేచింది.

"అదే జబ్బు అన్నయ్యకొస్తే, వద్దులే అనేదానివా వదినా?" అన్నాను.

ఏమీ మాట్లాడలేదు. మళ్లీ కుర్చీలో కూర్చుంది.

మొదటి నెల

ముందు పళ్లన్నీ పరీక్షించారు. ఒక పుచ్చు పూడ్చారు, చిగుళ్లు శుభ్రం చేశారు. దవడ కీలులో నొప్పి గానీ, నోరు తెరిస్తే ఇబ్బంది గానీ ఉందా అని చూశారు. కింది దవడని తనంతట తాను ఎంత ముందుకి తేగలదో కొలిచారు. అందులో సుమారు సగం దగ్గర మొదలుపెట్టారు. పళ్ల అచ్చులు తీసుకుని పదిహేను రోజులకి తొడుగు ఇచ్చారు. పక్కనున్న చిన్న మర తిప్పుతూ, కొన్ని రోజులకోసారి మిల్లీమీటరులో కొద్దిభాగం చొప్పున ముందుకి జరుపుకోవాలి.

మొదటి రెండు వారాలూ సుఖంగా ఏం గడవలేదు. నోట్లో ఊటలా లాలాజలం, పొద్దునకల్లా తలగడంతా తడి. దవడ నొప్పి. లేచిన వెంటనే పైపళ్లూ కిందిపళ్లూ సరిగా కలిసేవి కావు. పెసరట్టు నమలాలంటే అరగంట ఆగాల్సి వచ్చేది. దానికి పొద్దున్నే పళ్లమధ్య పెట్టి కొరికే చిన్న పలకలాంటిది ఇచ్చారు. పదీ పదిహేను నిమిషాల్లో దవడ దాని చోటికొచ్చేది. మెల్లగా అలవాటైంది. "మాస్కు కంటే ఇదే నయం. కనీసం మాట్లాడొచ్చు, మంచినీళ్లు తాగొచ్చు" అంది.

మూడు నెలల తర్వాత తొడుగు పెట్టుకునే మళ్లీ నిద్రపరీక్ష చేశారు. గంటకి 19 ఉన్నది 6కి వచ్చింది. పొద్దుటి తలనొప్పి పోయింది. బీపీ మాత్ర మోతాదు ఇక పెంచాల్సిన పనిలేదన్నారు. పాలు పొంగడం తగ్గిందా అంటే... "అదీ కొంచెం తగ్గింది" అని అన్నయ్య నవ్వాడు.

అందరికీ పనికొస్తుందా?

లేదు. ఇది స్పష్టంగా చెప్పుకోవాలి. స్వల్ప, మధ్యరకం జబ్బు ఉన్నవాళ్లకీ, మరీ లావులేనివాళ్లకీ, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువగా ఊపిరాగేవాళ్లకీ ఇది బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. ఊపిరాగడాన్ని తగ్గించడంలో సీపాపే బలమైనది. కానీ తొడుగుని ఎక్కువ గంటలు పెట్టుకోగలరు కాబట్టి, మధ్యరకం జబ్బులో మొత్తమ్మీద మేలు ఇంచుమించు సమానంగా ఉంటుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. కొందరికి తొడుగు వల్ల గుణం అసలు కనిపించదు. అందుకే రెండో పరీక్ష తప్పనిసరి. గురక చప్పుడు తగ్గినా ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు సుమా!

తొడుగు పట్టి ఉండటానికి గట్టి పళ్లు కావాలి. పూర్తి కట్టుడు పళ్లున్నవాళ్లకీ, చిగుళ్ల జబ్బుతో పళ్లు కదిలేవాళ్లకీ, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లకీ ఇది కష్టం. ఏళ్లతరబడి వాడితే పళ్లు కొద్దిగా జరిగి కొరుకు మారొచ్చు. కాబట్టి ఆరు నెలలకో, ఏడాదికో డాక్టరుకి చూపించుకుంటూ ఉండాలి.

ఇంకో మాట. వేడినీళ్లలో ముంచి కొరికితే తయారయ్యే తొడుగులు కంప్యూటర్‌లో బొమ్మలు చూసి తెప్పించుకోవచ్చు. మా వదిన పరీక్షకి ముందు వాళ్లబ్బాయి అలాంటిదొకటి తెప్పించాడు. వారానికి చిగురు ఒరుసుకుపోయి పుండు పడింది. దానికంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే, చప్పుడు తగ్గిందని లోపలి జబ్బు సంగతి మర్చిపోవడం. ముందు నిద్రపరీక్ష, ఆ తర్వాతే తొడుగు. రోగం ఉందో లేదో తేల్చేది నిద్రవైద్యులు, తొడుగు చేసేది దంతవైద్యులు. ఇద్దరూ కావాలి.

పిల్లల గురకని మురిసిపోకండి

"మా బుజ్జిగాడు అచ్చం తాతలా గురకపెడతాడు" అని మనం మురిసిపోతుంటాం. జలుబు చేసినప్పుడు సరే. రోజూ గురకపెడుతుంటే, నోరు తెరుచుకునే నిద్రపోతుంటే, రాత్రి చెమటలు పట్టి దొర్లుతుంటే, పెద్దవాడయ్యాక కూడా పక్క తడుపుతుంటే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి. పిల్లల్లో ఎక్కువగా కారణం టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాపు. పెద్దలు మగతగా ఉంటే, పిల్లలు తిక్కగా, నిలకడ లేకుండా, చదువు మీద ధ్యాస లేకుండా కనిపిస్తారు. మనం వాళ్లని అల్లరివాళ్లని కొడతాం! పై అంగిలి మరీ ఇరుగ్గా ఉన్న పిల్లలకి దాన్ని మెల్లగా వెడల్పు చేసే ప్లేటు దంతవైద్యులు అమరుస్తారు.

ఇంట్లో మనం చేయగలిగినవి

వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవాలి. నైటీ వీపు వెనక చిన్న జేబు కుట్టి అందులో బంతి పెట్టుకుంటే వెల్లకిలా తిరగ్గానే మెలకువొస్తుంది. పాత చిట్కాయే గానీ కొందరికి పనిచేస్తుంది. బరువెక్కువ ఉంటే తగ్గించుకోవాలి. ముక్కు దిబ్బడకి వైద్యం చేయించుకోవాలి. మందు అలవాటున్న శ్రీవార్లు రాత్రిపూట మానాల్సిందే! 2025లో జైపూర్ వైద్యులు 30 మందితో చేసిన చిన్న అధ్యయనంలో, ఆరు నెలలపాటు క్రమంగా శంఖం ఊదినవాళ్లకి ఈ జబ్బు కొంత తగ్గిందట. గొంతు కండరాలకి వ్యాయామం కదా మరి. పూజగదిలో శంఖం ఉంటే ఊదండి, తప్పులేదు. కానీ అది వైద్యానికి బదులు మాత్రం కాదు.

ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, గర్భసంచి ఆపరేషనే కానివ్వండి, మత్తు ఇచ్చే డాక్టరుకి గురక సంగతి ముందే చెప్పండి. అక్కడ సిగ్గుపడితే ప్రమాదం.

పళ్లడబ్బా

మొన్న మాఘమాసంలో మళ్లీ ఓ పెళ్లి. మళ్లీ విడిది, మళ్లీ జంపఖానాలు. వదిన సంచీలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. చుట్టూ పిల్లలు చేరారు. ఆ పాత రికార్డింగ్ తాలూకు పిల్ల కూడా ఉంది వాళ్లలో. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. "ఏంటి పెద్దమ్మా అది?" అంది.

"నా పళ్లడబ్బానే. నాకు నిద్రలో ఊపిరి ఆగిపోతుందిలే, ఇది పెట్టుకుంటే ఆగదు" అంది వదిన మామూలుగా, కళ్లజోడు గురించి చెప్పినట్టు.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. కాసేపాగి, "మా అమ్మ కూడా గురకపెడుతుంది పెద్దమ్మా. మధ్యలో ఆగిపోతుంది కూడా" అంది.

వదిన ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరు సంగతులు చెప్పింది. తర్వాత తొడుగు పెట్టుకుని, అందరి మధ్యా పడుకుంది. నేను కాసేపు మెలకువగా ఉండి విన్నాను. కొంచెం గురక ఉంది. ఊపిరి మాత్రం ఆగలేదు. ఎప్పుడు నిద్రపట్టిందో నాకే తెలీదు.

ఈసారి ఏ పెళ్లిలోనైనా గోడకి జారగిలబడి కూర్చున్న అత్తయ్యో, పిన్నో, వదినో కనిపిస్తే "కొత్త చోటు కదా" అన్న మాట నమ్మేయకండి. పక్కన కూర్చుని ఒక్కసారి అడగండి.

---

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

మెల్‌బోర్న్ వైద్యుడు మర్రే జాన్స్ 1991లో తయారుచేసిన 'ఎప్‌వర్త్' ప్రశ్నలివి. కింది సందర్భాల్లో కునుకుపట్టే అవకాశం అసలు లేకపోతే 0, కొంచెం ఉంటే 1, ఓ మోస్తరుగా ఉంటే 2, బాగా ఉంటే 3 మార్కులు వేసుకోండి.

1. కూర్చుని చదువుతున్నప్పుడు
2. టీవీ చూస్తున్నప్పుడు
3. సభలోనో సినిమాహాల్లోనో ఊరికే కూర్చున్నప్పుడు
4. గంటసేపు ఆగకుండా కారులో ప్రయాణిస్తున్నప్పుడు
5. మధ్యాహ్నం వీలు చూసుకుని నడుం వాల్చినప్పుడు
6. ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు
7. భోంచేశాక నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు
8. మీరున్న కారు ట్రాఫిక్‌లో కాసేపు ఆగినప్పుడు

మొత్తం 10 దాటితే డాక్టరుని కలవడం మంచిది. 10 లోపే ఉన్నా, నిద్రలో మీ ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే తప్పక కలవండి.

దంతవైద్యుల్ని అడగాల్సినవి

- ఇంతకుముందు ఎవరికైనా ఈ తొడుగులు చేశారా?
- నా నిద్రపరీక్ష కాగితాలు చూశారా? నిద్రవైద్యులతో మాట్లాడతారా?
- నా పళ్లూ, చిగుళ్లూ, దవడ కీలూ దీన్ని తట్టుకుంటాయా?
- దవడని కొంచెం కొంచెంగా జరుపుకునే వీలుందా?
- మొత్తం ఖర్చులో తర్వాతి సర్దుబాట్లు కూడా కలిసి ఉన్నాయా?
- రెండోసారి నిద్రపరీక్ష ఎప్పుడు?

తొడుగుని రోజూ పొద్దున్నే చల్లటి నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టి డబ్బాలో దాచాలి. వేడినీళ్లు తగిలితే వంకర పోతుంది.